దృశ్యము – నాదము – కూర్పు

బందరు పేరు వినగానే ఓడరేవు, కలంకారీ, లడ్డు మనకు స్ఫురిస్తాయి. తెలుగువారి చలనచిత్ర చరిత్రలో తొలి పుటలు కూడ ఈ పట్టణపు బిడ్డ పేరుతోనే ఆరంభమవుతాయి. 1869లో మచిలీపట్నములో జన్మించిన రఘుపతి వెంకయ్య నాయుడుగారు మద్రాసులో ఛాయాచిత్రకారులుగా స్థిరపడి, 1909 ప్రాంతములో క్రోనో మెగాఫోన్ అనే యంత్రమును తెప్పించినారు. తెరపై బొమ్మ కదులుతూ ఉండగా, దానికి జతగా ఒక గ్రామఫోను పళ్లెము తిరుగుతూ శబ్దమును వినిపించేది. రెండింటి నడక ఒక్కటిగా సాగవలెను. పళ్లెము రవంత ముందు నడిచినచో బొమ్మ నోరు తెరవకముందే పాట వినబడుతుంది. వెంకయ్యగారు ఆ యంత్రముతో దక్షిణదేశములోను, సింహళములోను, బర్మాలోను ప్రదర్శనలు ఇచ్చినారు. తరువాత తమ కుమారుడు ప్రకాశ్‌ను చిత్రనిర్మాణము నేర్చుకొనుటకు లండను నగరమునకు పంపినారు. ఆ యువకుడు తిరిగివచ్చి 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ అనే మూకీ చిత్రమునకు దర్శకత్వము వహించినాడు.

బొమ్మకు శబ్దమును జతపరచుట అనే ఆనాటి సమస్యయే నేడు మన విద్యార్థి చేతిలోని సెల్‌ఫోనులో ఉన్నది. ఒకప్పుడు సముద్రములు దాటి నేర్చుకొనవలసి వచ్చిన విద్యను ఇప్పుడు ఇంటి అరుగు మీద కూర్చుండి అభ్యసించవచ్చును. అయితే సాధనము చేతికి వచ్చినంత మాత్రమున విద్య చేతికి వచ్చినట్లు కాదు. గుడివాడ నుండి రోజూ రైలులో కళాశాలకు వచ్చే మా విద్యార్థి ఒకడు గత సంవత్సరము వీడియో ఎడిటింగులోను, డిజిటల్ సంగీతములోను మూడు ప్రయోగములు చేసినాడు. వాటిని ఆధారముగా చేసుకొని ఈ విద్య ఎట్లు పని చేస్తుందో, దానిలో ఎంత బాధ్యత ఇమిడి ఉన్నదో విద్యార్థులకును, కమిటీ పెద్దలకును వివరించుటయే ఈ వ్యాసములో మా ఉద్దేశము.

ముందుగా మాట సంగతి. ఆంగ్లములో ఈ పనిని కోయుట, కత్తిరించుట అనే అర్థమిచ్చే మాటలతో ఎక్కువగా చెప్పుకొంటారు. మన తెలుగు చిత్రముల పేర్ల పట్టికలో మాత్రము ఎడిటరు పేరుకు ముందు ‘కూర్పు’ అని వేసేవారు. పువ్వులను దండగా కూర్చుట, పదములను పద్యముగా కూర్చుట వంటిదే దృశ్యములను కూర్చుట. కత్తిరించినది పారవేయబడుతుంది, కూర్చినది నిలుస్తుంది. ఈ చిన్న మాటలో ఉన్న వివేకమును మన పూర్వులు మనకు ఉచితముగా ఇచ్చినారని మా అభిప్రాయము.

ఇక మొదటి ప్రయోగము. గుడివాడ నుండి బందరు వచ్చే రైలుమార్గములో పెడన తగులుతుంది. అక్కడి కలంకారీ అద్దకము జగత్ప్రసిద్ధము. చెక్కిన టేకు అచ్చును రంగులో అద్ది, బల్ల మీద పరచిన గుడ్డపై ఉంచి, పిడికిలితో ఒక్క పోటు వేస్తారు. మన విద్యార్థి పనివారి అనుమతి తీసుకొని ఆ పోటు శబ్దమును ఫోనులో పట్టినాడు. రంగులో అచ్చు తడిసే మెత్తని చప్పుడు, గుడ్డపై పెట్టే చప్పుడు, పిడికిలి పోటు – ఈ మూడును వేరుచేసి, రైలు చక్రముల చప్పుడును వాటికి తోడుచేసి, ఎనిమిది అక్షరముల ఆదితాళములో ఒక ఆవృత్తిని కట్టినాడు. ఆ ఆవృత్తినే మళ్లీ మళ్లీ నడిపించుటను ఈ విద్యలో లూపు అంటారు. ఒకే అచ్చును వరుసగా వేసుకుంటూ పోయి చీర అంచు నింపుటకును దీనికిని భేదము లేదు.

శబ్దము ఫోనులోనికి ఎట్లు చేరుతుందో ఇక్కడ తెలుసుకొనవలెను. శబ్దము గాలిలో అల. ఆ అల ఎత్తును కంప్యూటరు క్షణక్షణమునకు కొలిచి అంకెలుగా వ్రాసుకొంటుంది. సంగీతపు సీడీలకు నిర్ణయించిన లెక్క ప్రకారము సెకనుకు 44,100 మార్లు కొలుస్తారు. మానవుని చెవి సెకనుకు సుమారు 20,000 కంపనముల వరకు వినగలదు. ఒక కంపనమును సరిగా పట్టవలెనన్న దాని సంఖ్యకు రెట్టింపు కంటె ఎక్కువసార్లు కొలవవలెను. అందుచేత 44,100 అనే సంఖ్య వచ్చినది. ఒక్కొక్క కొలతకు రెండు బైట్లు, కుడి ఎడమలకు రెండు వరుసలు, అరవై సెకనులు – గుణించి చూచినచో ఒక నిమిషపు శబ్దము ఒక కోటి అయిదు లక్షల బైట్లకు పైగా అవుతుంది.

ఇట్లు పట్టిన శబ్దమును గడులుగా గీసిన ఒక పటము మీద పేర్చుతారు. ఈ పటము సాధారణముగా నాలుగేసి మాత్రల లెక్కలో ఏర్పడి ఉంటుంది. ఆదితాళమునకు అది సరిపోతుంది. మన కూచిపూడి ప్రాంతములో పుట్టి పెరిగినవారికి చిన్ననాడే చెవిలో పడిన మిశ్రచాపు కావలెనన్న లెక్కను ఏడుకు మార్చుకొనవలెను. మూడు, నాలుగుగా విరిగే ఆ నడకను యంత్రము తనంతట తాను ఊహించదు. తాళజ్ఞానము ఉన్న విద్యార్థి యంత్రమును శాసిస్తాడు. లేనివానిని యంత్రమే శాసిస్తుంది.

మన విద్యార్థి ఇక్కడ ఒక మంచి పాఠము నేర్చినాడు. పెడన పనివాని పోటు గడియారపు ముల్లు వలె పడదు. ఒకటి రవంత ముందు, ఒకటి రవంత వెనుక పడుతుంది. సాఫ్ట్‌వేరులో క్వాంటైజ్ అనే ఏర్పాటు ఉన్నది. దానిని నొక్కగానే అన్ని పోట్లును గడులలో సరిగా కూర్చుంటాయి. అతడు నొక్కి చూచినాడు. తాళము తప్పు లేకుండా కుదిరినది కాని, అందులో మనిషి మాయమైనాడు. మళ్లీ వెనుకకు మరలి, సమమును మాత్రము గడికి కట్టి, మిగిలిన పోట్లను పనివాని చేతి నడకకే వదలిపెట్టినాడు. శ్రుతి విషయమును ఇట్టిదే. 1983లో వెలువడిన మిడి అనే పద్ధతి శబ్దమును మోయదు. ఏ స్వరము, ఎంత బలముతో, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు అనే ఆదేశములను మాత్రము మోస్తుంది. అది ఒక విధమైన స్వరలిపి. దానిలో స్వరములకు 128 అంకెలు ఉన్నాయి, ఒక స్థాయికి పన్నెండు మెట్లు. మన గమకము మెట్ల మీద నిలువదు, మెట్ల మధ్య ఊగుతుంది. స్వరమును కొంచెము కొంచెముగా వంచే ఏర్పాటు మిడిలోను ఉన్నది గాని, దానిని ఎక్కడ ఎంత వంచవలెనో చెప్పవలసినది చెవి.

గుడివాడ సమీపమున చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వెంకటేశ్వరరావుగారు చిత్రసీమలో ప్రవేశించిన రోజులలో గాయకుడును, వాద్యబృందమును ఒకేసారి కూడి పాటను రికార్డు చేసేవారు. ఒకరు తప్పినా అందరును మొదటికి రావలసినదే. 1986లో ఇళయరాజాగారు ‘పున్నగై మన్నన్’ అనే తమిళ చిత్రమునకు కంప్యూటరుతో సంగీతము కట్టినారు. 1992లో ఎ.ఆర్.రెహమాన్‌గారు ఇంటి ఆవరణలోని స్వంత స్టూడియోలో ‘రోజా’ పాటలను రూపొందించి దేశమంతటిని ఆకట్టుకొన్నారు. ఈనాడు ఆడాసిటీ, ఎల్.ఎం.ఎం.ఎస్. వంటి సాఫ్ట్‌వేరులు రుసుము లేకుండ లభిస్తున్నాయి. వాద్యములు వేర్వేరు ట్రాకులలో వేర్వేరు వేళల చేరుతాయి. తప్పినచో ఆ ఒక్క ట్రాకునే దిద్దుకొనవచ్చును. వసతి పెరిగినది. అయితే ఒకేసారి అందరును తప్పకుండా పాడవలసి వచ్చిన ఆ తరము చేసిన సాధనను మనము తక్కువగా చూడరాదు.

రెండవ ప్రయోగము బందరు దగ్గరి గిలకలదిండి చేపలరేవులో జరిగినది. మర పడవ బాగుచేస్తున్న వడ్రంగి సుత్తి దెబ్బలను మన విద్యార్థి దూరము నుండి చిత్రించినాడు. ఇంటికి వచ్చి చూడగా సుత్తి మేకును తాకిన తరువాత గాని చప్పుడు వినబడలేదు. ఫోను చెడినదని భావించినాడు. చెడినది ఫోను కాదు. శబ్దము గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. కాంతి వేగముతో పోల్చినచో అది నత్తనడక. వీడియోలో సెకనుకు 25 చిత్రములు ఉన్నచో ఒక్కొక్క చిత్రము సెకనులో ఇరవై అయిదవ వంతు నిలుస్తుంది. నూరు మీటర్ల దూరము నుండి శబ్దము వచ్చుటకు సెకనులో మూడవ వంతుకు కొంచెము తక్కువ పడుతుంది, అనగా ఏడు చిత్రముల ఆలస్యము. కంటికి అది స్పష్టముగా తెలుస్తుంది. మరునాడు అతడు స్నేహితుని ఫోనును వడ్రంగి పక్కన ఉంచి శబ్దము పట్టి, దూరము నుండి బొమ్మ తీసి, రెండింటికిని మొదట ఒక చప్పట్లు చరచి గుర్తు పెట్టుకొని, ఆ గుర్తు ఆధారముగా జతపరచినాడు. సినిమా షూటింగులలో క్లాపు కొట్టుటకు అసలు కారణము ఇదియే. కలంకారీలో అంచు గీతలకు ఒక అచ్చు, లోపలి రంగుకు మరొక అచ్చు వేస్తారు. రెండవ అచ్చు రవంత జరిగినచో రంగు గీత దాటుతుంది. బొమ్మకు శబ్దము జతపరచుట కూడ ఇట్టిదే.

బొమ్మల లెక్క మరింత పెద్దది. ఇప్పటి సాధారణ వీడియోలో ఒక చిత్రమునకు అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు, వెరసి 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్కకు మూడు రంగుల లెక్కన మూడు బైట్లు వేసినచో ఒక చిత్రము 62 లక్షల బైట్లు, ఒక నిమిషము 930 కోట్ల బైట్లకు పైబడుతుంది. ఇంతటి బరువును ఫోను ఎక్కువసేపు మోయలేదు. అందుచేత ఒక చిత్రమును పూర్తిగా నిలుపుకొని, తరువాతి చిత్రములలో మారిన భాగమును మాత్రమే వ్రాసుకొంటుంది. మంగినపూడి తీరములో దీపస్తంభమును చిత్రించినామనుకొనుడు. స్తంభము కదలదు, అల కదులుతుంది. అల మార్పునే ఎక్కువగా వ్రాసుకొంటుంది. ఇట్లు కుదించిన చిత్రమును కూర్చి, మళ్లీ కుదించి, మళ్లీ కూర్చినకొద్దీ నాణ్యము తరుగుతుంది. కనుక మొదట తీసిన దానిని చెరపకుండా రెండు చోట్ల భద్రపరచవలెను. ఈ నియమము విలువ మూడవ ప్రయోగములో తేలినది.

దానికి ముందు ఒక చిన్న ప్రసంగము. 1920 ప్రాంతములో రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒక నటుని ముఖమును, భావము లేని ముఖమును, ఒకచోట సూపు గిన్నె పక్కన, ఒకచోట శవపేటిక పక్కన కూర్చి చూపినాడని చెప్తారు. ముఖము ఒక్కటియే అయినను చూపరులకు ఒకచోట ఆకలి, ఒకచోట దుఃఖము కనబడినదట. చిత్రమునకు అర్థము దానిలో కొంత, దాని పొరుగున కొంత ఉన్నది. పొరుగును మార్చినచో అర్థము మారుతుంది. సంగీతమును ఒక పొరుగే. ఈ సూత్రము సరదా చిత్రములకు సరదాయే. మనుషుల బ్రతుకులకు వర్తించినప్పుడు మాత్రము అది ప్రమాదకరము.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచివేసినది. సుమారు అయిదు మీటర్ల ఎత్తున సముద్రము ఊళ్ల మీదికి వచ్చినది. పదివేలమందికి పైగా ప్రాణములు కోల్పోయినారు. అంతకు పూర్వము 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది మరణించినారు. 1864 నాటి వారి కంఠస్వరము ఒక్కటియు మనకు దక్కలేదు. అప్పటికి శబ్దమును నిలిపి మళ్లీ వినిపించే యంత్రము లేదు. 1977 నాటివారు ఇంకను మన మధ్య ఉన్నారు. ఆనాడు ఇరవై ఏండ్ల వయస్సు ఉన్నవారు నేడు డెబ్బదికి చేరువలో ఉన్నారు. వారి మాటను వినుటకు మనకు మిగిలిన కాలము పరిమితము.

మన విద్యార్థి తన సహాధ్యాయితో కలిసి నాగాయలంక వైపు ఒక గ్రామమునకు వెళ్లి, ఆ సహాధ్యాయి నాయనమ్మగారి మాటలను నలుబది నిమిషములు రికార్డు చేసినాడు. కూర్చునప్పుడు నాలుగు నిమిషములకు కుదించినాడు. ఆమె తన చిన్న కొడుకు పేరు చెప్పబోయి పదకొండు సెకనులు ఆగింది. చూచేవారికి విసుగు కలుగునని ఆ నిశ్శబ్దమును తీసివేసినాడు. వేణువు నాదము ఒకటి కింద పరచినాడు. సహాయముగా వచ్చిన అన్నపు పొట్లముల గురించి ఆమె చెప్పిన మాటల వెంట, అంతకు ముందెప్పుడో అన్న ‘‘ఎవరూ రాలేదు’’ అనే మాటను తెచ్చి పెట్టినాడు. వినుటకు అది ఎంతో హృదయవిదారకముగా ఉన్నది. తరగతిలో చూచినవారు కంట తడిపెట్టినారు.

దానిని తీసుకొనిపోయి ఆమెకు చూపినప్పుడు ఆమె అన్న మాట ఇది: ‘‘నేనట్టా అనలేదు నాయనా. పొట్లాలూ వచ్చినయ్యి, మనుషులూ వచ్చారు. ఎవరూ రాలేదన్నది ఆ రాత్రి సంగతి. ఇట్టా వింటే సాయం చేసినోళ్లని నేను కాదన్నట్టుంది.’’

విద్యార్థులు ఈ సంగతిని జాగ్రత్తగా గమనించవలెను. ఒక్క అక్షరమైనను అతడు కల్పించలేదు. ప్రతి మాటయు ఆమెదే, ప్రతి ముఖకవళికయు ఆమెదే. అయినను మొత్తము ఆమెది కాకుండా పోయినది. అసత్యము మాటలో లేదు, మాటల వరుసలో ఉన్నది. అబద్ధము చెప్పరాదని మన ఇండ్లలో పెద్దలు నేర్పుతారు. అబద్ధముగా కూర్చరాదని కూడ నేర్పవలసిన కాలము వచ్చినది. కొన్ని సెకనుల కంఠస్వరమును గ్రహించి, ఆ మనిషి ఎన్నడును అనని మాటలను ఆ గొంతుతోనే పలికించే సాఫ్ట్‌వేరులు నేడు ఉన్నాయి. చిన్న కూర్పులో నిజాయితీ అలవడనివాడు అట్టి సాధనము చేతికి వచ్చిన నాడు ఏమి చేయునో ఊహించుకొనవచ్చును.

మూల రికార్డింగు భద్రముగా ఉన్నది కనుక అతడు మళ్లీ మొదలుపెట్టగలిగినాడు. ఈసారి కూర్పు తొమ్మిది నిమిషములకు పెరిగినది. ఆ రాత్రి మాట ఆ రాత్రి వద్దనే నిలిచినది. పదకొండు సెకనుల నిశ్శబ్దము తిరిగి తన చోటికి వచ్చినది. వేణువును తీసివేసి, ఆ ఇంటి ముందు పట్టిన గాలి చప్పుడును మాత్రము తక్కువ స్థాయిలో ఉంచినాడు. కొన్ని ఇండ్లలో పెద్దలు వాద్యసంగీతమును అంగీకరించరు. అట్టి ఇంటి విద్యార్థులును ఈ విద్యకు దూరము కానక్కరలేదని ఈ కూర్పు వలన తెలుస్తున్నది. గాలి, నీరు, పనిముట్లు, మనిషి గొంతు – ఇవియే చాలినంత నాదము. రెండవమారు చూచినప్పుడు ఆమె ఏమియు అనలేదు. కొడుకు పేరు వచ్చిన చోట మాత్రము మళ్లీ ఒకసారి వేయమన్నది.

ఈ అనుభవము నుండి కొన్ని నియమములను సూచిస్తున్నాము. రికార్డు చేయుటకు ముందు అనుమతి అడుగవలెను; ఎక్కడ చూపబోతున్నామో చెప్పవలెను. మూలమును చెరపక రెండు డిస్కులలో ఉంచి, తేదీ, ఊరు వ్రాసిపెట్టవలెను. మాటల వరుస మార్చినచో, అడిగిన ప్రశ్నను తీసివేసినచో, అర్థము మారినదేమో మరొకరితో పరీక్షింపజేయవలెను. ఇతరుల పాటను ఎత్తి పెట్టుకొనరాదు. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము సాహిత్యమునకును, సంగీతరచనకును రచయిత జీవితకాలము, ఆపై అరువది సంవత్సరములు హక్కు ఉంటుంది. శబ్దముద్రణకు వెలువడిన తరువాతి సంవత్సరము మొదలు అరువది సంవత్సరములు. ఒకే పాటలో రెండు మూడు హక్కులు ఉండవచ్చును. పెడన పోటుతో స్వంతముగా తాళము కట్టుకొన్నవానికి ఈ చిక్కు లేదు. అన్నిటికంటె ముఖ్యమైనది – కూర్చినదానిని లోకమునకు చూపకముందు, ఎవరిని కూర్చినామో వారికి చూపవలెను.

గౌరవనీయులైన కమిటీ వారికి మా విన్నపము పెద్దది కాదు. దళసరి తెరలు కట్టిన ఒక నిశ్శబ్దమైన గది, రెండు మైకులు, రెండు హార్డ్ డిస్కులు, ఒక రిజిస్టరు చాలును. ఎడిటింగునకు షాట్‌కట్, కేడెన్‌లైవ్ వంటి సాఫ్ట్‌వేరులు ఉచితముగానే లభిస్తాయి. విద్యార్థులు తెచ్చిన మూల రికార్డింగులను గ్రంథాలయములో పుస్తకముల వలెనే భద్రపరచినచో, పదేండ్ల తరువాత అవి ఈ ప్రాంతపు చరిత్రకు ఆధారములు కాగలవు. ఉర్దూలో మాట్లాడే పెద్దల మాట ఉర్దూలోనే, తెలుగులో మాట్లాడే వారి మాట తెలుగులోనే నిలుస్తుంది.

ప్రియ విద్యార్థులారా! మీలో అనేకులు అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక ప్రాంతముల నుండి వస్తున్నారు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ అవ్వతాతల పక్కన కూర్చుండి, ముందుగా అనుమతి అడిగి, ఫోనును బల్ల మీద స్థిరముగా ఉంచి, వారు చెప్పినంతసేపు వినండి. వారు ఆగిన చోట మీరును ఆగండి. కూర్పు తరువాతి పని.